జీవితలక్ష్యము - ప్రకృతి సంరక్షణము

ప్రతి సంవత్సరమును పదవ తరగతి విద్యార్థులచేత "నా జీవిత లక్ష్యము" అను విషయముపై మేము వ్యాసము వ్రాయించుచుందుము. ఈ యేడును వ్రాయించితిమి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండి వచ్చి చదువుకొనుచున్న బాలబాలికలు తమతమ కోరికలను చక్కని భాషలో వెల్లడించిరి. ఒకడు వైద్యుడు కాగోరెను. ఒకతె కలెక్టరు పదవిని పొంద దలచెను. సాఫ్ట్‌వేరు ఉద్యోగమునకై హైదరాబాదునకో, సముద్రముల కావలికో పోయెదమని పలువురు వ్రాసిరి. బియ్యపు మిల్లు పెట్టి తండ్రి ఋణము తీర్చెదనని ఒక రైతుబిడ్డ వ్రాసెను. చదివి మిక్కిలి సంతోషించితిమి.

ఆ వారముననే "పర్యావరణ పరిరక్షణము" అను మఱియొక వ్యాసమును వ్రాయించితిమి. అదియు బాగుగనే వ్రాసిరి. కాని మఱునాడు పాఠశాలలో చిన్న విందు జరిగినది. విందు ముగిసిన పిమ్మట మైదానమున ప్లాస్టికు గ్లాసులును, పళ్లెములును గాలికి దొరలుచుండెను. చేతులు కడుగుకొని ఎవరో విడిచిపోయిన కొళాయినుండి నీరు కాలువకట్టి పాఱుచుండెను. ముందునాడు వ్యాసము వ్రాసిన చేతులే ఈ పనియు చేసినవి.

మాకు కోపము రాలేదనిన అసత్యమగును. కాని ఆ రాత్రి రెండు వ్యాసములను ప్రక్కప్రక్కన పెట్టుకొని మరల చదువగా ఒక సంగతి తోచినది. మొదటి వ్యాసములో నీటి మాట గాని, నేల మాట గాని, చెట్టు మాట గాని లేదు. రెండవ వ్యాసములో "నేను" అను మాట లేదు. "ప్రభుత్వము చర్య గైకొనవలెను", "ప్రజలు మేల్కొనవలెను" అనియే అందఱును వ్రాసిరి. తన జీవితమును గూర్చి వ్రాసినపుడు ప్రకృతి కానరాలేదు. ప్రకృతిని గూర్చి వ్రాసినపుడు తాను కానరాలేదు. ఈ రెండు వ్యాసములును ఒక్కటి కావలెననుటయే ఇప్పుడు మేము చెప్పబూనిన విషయము.

ప్రకృతిని కాపాడుట యనగా అదియొక ప్రత్యేకమైన పాఠమనియు, జీవితములో పైకి వచ్చిన తరువాత తీరిక యున్నచో చేయదగిన దానధర్మము వంటిదనియు మనము తలచుచున్నాము. అది సరికాదు. మనుజుడు దేనిని కోరునో దానినిబట్టియే అతని ఖర్చును, అతని నడకయు, అతడు విడుచు చెత్తయు నిర్ణయింపబడుచున్నవి. కోరిక మాఱనిచో ఎన్ని పాఠములు చెప్పినను నడత మాఱదు. కోరిక మాఱినచో పాఠము చెప్పకయే నడత మాఱును.

ఈ విషయమును మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధించియున్నారు. అమెరికా దేశమునందు టిమ్ కాసర్, రిచర్డ్ రయన్ అను పండితులు 1993వ సంవత్సరమునుండి మనుష్యుల జీవితాశయములను పరిశీలించి, వానిని రెండు తెగలుగా విభజించిరి. ధనము, కీర్తి, ఇతరులు మెచ్చు రూపము - ఇవి యొక తెగ. వీని విలువ ఇతరుల కన్నులలో నుండును. తన్ను తాను తీర్చిదిద్దుకొనుట, ఆప్తులతో ప్రేమగా మెలగుట, తన సంఘమునకు ఉపకరించుట - ఇవి రెండవ తెగ. వీని ఫలము చేయు పనియందే యుండును. మొదటి తెగ కోరికలే ప్రధానముగా గలవారు ప్రకృతి విషయమున తక్కువ శ్రద్ధ వహింతురనియు, రెండవ తెగ వారికి అట్టి శ్రద్ధ అధికముగ నుండుననియు తరువాతి పరిశోధనలు పలుమాఱులు చూపినవి.

2000వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధన యొకటి మన తరగతి గదిలో ఆడదగిన ఆటవంటిది. కెన్నన్ షెల్డన్, హోలీ మెక్‌గ్రెగర్ అనువారు విద్యార్థుల జీవితాశయములను ముందుగా తెలిసికొని, పిమ్మట వారిని కలప వ్యాపారులుగా నుంచి, అందఱికిని ఉమ్మడియైన యొక అడవిని కాగితముపై అప్పగించిరి. ఏటేట ఎవరెంత నఱకవలయునో వారే నిర్ణయించుకొనవలెను. మిగిలిన అడవి కొంత పెరుగును. ధనమును, కీర్తిని ఎక్కువగా కోరువారు ఎక్కువ నఱికిరి. కాని అట్టివారే చేరిన బృందములలో అడవి త్వరగా అంతరించి, తుదకు లాభము కూడ తగ్గినది.

ఇందలి గుట్టు మీకు వచ్చిన లెక్కతోనే తేలును. ఉమ్మడి అడవి 200 ఎకరములనుకొనుడు. మిగిలినది ఏటికి నూటికి పదివంతుల చొప్పున పెరుగుననుకొనుడు. నలుగురు వ్యాపారులు తలకొక 10 ఎకరముల చొప్పున ఏటికి 40 ఎకరములు నఱకినచో మొదటి యేట మిగిలిన 160 ఎకరములు 176 అగును. ఇట్లే లెక్కించుకొనుచు పోయినచో ఆఱేండ్లకు సుమారు 15 ఎకరములు మాత్రమే మిగులును. ఏడవ యేట అదియు పోవును. అందఱికిని కలిపి దక్కినది 255 ఎకరముల కలప. అట్లుగాక తలకొక 4 ఎకరముల చొప్పున 16 ఎకరములే నఱకినచో మిగిలిన 184 ఎకరములు 202కు మించును. అడవి తఱుగకపోగా పెరుగుచుండును. పదునాఱవ యేటికి వారికి దక్కిన కలప 256 ఎకరములగును. మొదటివారికంటె ఎక్కువ తీసికొన్నారు, అడవియు నిలిచియున్నది, వారి బిడ్డలును తీసికొనవచ్చును. కావున దురాశ చెడ్డదనుట నీతివాక్యము మాత్రమే గాదు, అంకగణితము కూడ.

ఇక మన సీమకు వత్తము. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన పునాది వేయబడెను. 1967వ సంవత్సరము ఆగష్టులో కాలువలకు నీరు విడువబడెను. ఆ ఎడమకాలువయే మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములను తడిపి, ఖమ్మము, కృష్ణా జిల్లాల వైపు సాగిపోవుచున్నది. మెట్టచేలుగా నున్న భూములు మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుగాంచినది. మన విద్యార్థులలో పెక్కురి ఫీజులు ఆ నీటివలననే వచ్చుచున్నవనిన అతిశయోక్తి కాదు.

కాలువ నీరు ఆ ఆటలోని అడవివంటిది. అది ఉమ్మడి సొత్తు. మొదటనున్న రైతు తన తూమునుండి అవసరమునకు మించి నీరు పెట్టుకొనినచో అతనికి నష్టము కానరాదు. చివరి భూముల రైతు చేను మాత్రము నెఱ్ఱెలు వాఱును. ఒక కిలో ధాన్యము పండుటకు సగటున 2,500 లీటర్ల నీరు పొలమునకు చేరవలసియుండునని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు అంచనా వేసిరి. మడిలో ఎల్లప్పుడును నీరు నిలువగట్టక, ఒకమాఱు తడిపి, కొంత ఆఱనిచ్చి, మరల తడుపు పద్ధతి ననుసరించినచో దిగుబడి తగ్గకుండ నూటికి ముప్పది వంతుల వఱకు నీరు మిగుల్చవచ్చునని వారే తెలిపియున్నారు. పద్ధతి తెలిసిన రైతులు పెక్కుమంది కలరు. కాని "నా మడి నిండవలెను" అని మాత్రమే కోరువానికి ఆ తెలివి పనికిరాదు. "నా చేనును పండవలెను, కాలువ చివరివాని చేనును పండవలెను" అని కోరినవానికే అది పనికివచ్చును.

ఇట్టి కోరిక గలవా రెక్కడనో పుస్తకములలో నుందురని విద్యార్థులు తలపవచ్చును. సూర్యాపేట జిల్లాలో, మోతె మండలమునందు రాఘవాపురమను గ్రామము కలదు. శ్రీ దుశర్ల సత్యనారాయణగారిది ఆ యూరు. ఆయన వ్యవసాయశాస్త్రము చదివి బ్యాంకులో ఉద్యోగము చేసినవారు. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు కలిసిన నీరు త్రాగి ఎముకలు వంగి, నడుము లెత్తలేక యున్న జనులను చూచి, ఆ ఉద్యోగమును విడిచి, జలసాధన సమితి యను సంఘమును స్థాపించిరి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించినచో పండ్లు గారపట్టును. ఇంకను మించినచో ఎముకలు చెడును. భూమిలోతున నున్న రాళ్లనుండి ఆ పదార్థము నీటిలోనికి దిగుచుండుటచే, బావులు లోతు చేయుట అందుకు మందు కాదు. నదీజలమును తెచ్చుటయే మందు. ఈ గోడు లోకమునకు వినబడవలెనని 1996వ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు జలసాధన సమితి వారు మూకుమ్మడిగా నామినేషనులు వేసిరి. అభ్యర్థుల సంఖ్య 480 అయ్యెను. బ్యాలెట్ పత్రమును పుస్తకమువలె ముద్రింపవలసి వచ్చెను. ఎన్నిక కొన్నాళ్లు వాయిదా పడెను. దేశమంతయు నల్లగొండ నీటిని గూర్చి విచారించెను.

ఆయన జీవితములో మఱియొక భాగము కలదు. బాల్యమునుండియే తమ పూర్వుల భూమిలో చెట్లు పెంచసాగి, సుమారు 70 ఎకరములను అడవిగా మార్చిరి. అందు కుంటలు త్రవ్వించిరి. ఆ చెట్ల పండ్లు అమ్ముకొనుటకు గాదు. పక్షులకును, కోతులకును, ఇతర జంతువులకును విడువబడినవి. ఎకరము వెల లక్షలకు పెరిగిన కాలములో అమ్మక నిలుపుకొనిరి. మీలో ఎవరైనను ఆయనను చూచి "ఎంత త్యాగము!" అనవచ్చును. మాకు వేఱొకటి తోచుచున్నది. అడవి పెరుగవలెననుటయే ఆయన కోరిక. కోరినది దక్కినవానికి అది త్యాగమెట్లగును? భూమిని సొమ్ముగా చూచినవానికి 70 ఎకరములు విడుచుట కష్టము. అడవిని లక్ష్యముగా చూచినవానికి దానిని అమ్ముటయే కష్టము.

"ఆయనకు భూమి యున్నది, మాకు లేదు" అని మీ రనవచ్చును. కోదాడ దాటి పోయినచో ఖమ్మము వచ్చును. ఆ పట్టణ సమీపమున రెడ్డిపల్లి గ్రామమునకు చెందిన శ్రీ దరిపల్లి రామయ్యగారిని లోకము వనజీవి రామయ్య యని పిలిచినది. ఆయనకు గొప్ప చదువు లేదు, సంపద లేదు. జేబులలో విత్తనములు నింపుకొని, రోడ్ల ప్రక్కలను, కాలువ గట్లను, ఖాళీ స్థలములను మొక్కలు నాటుచు జీవితము గడపెను. వృక్షములను రక్షింపుడను మాటలు వ్రాసిన పలకను మెడలో వేసికొని తిరుగుచుండెను. కోటికి పైగా మొక్కలు నాటెనని ప్రసిద్ధి గాంచెను. 2017వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చి గౌరవించెను. 2025వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఆయన దివంగతు డయ్యెను. ఒకరు భూమి గలవారు, మఱియొకరు భూమి లేనివారు. ఒకరు పట్టభద్రులు, మఱియొకరు అట్లు కారు. వారిద్దఱికిని సమానమైనది లక్ష్య మొక్కటియే.

లక్ష్యము ఒక వ్యక్తియందే గాక ఒక పట్టణమునందు కూడ ఉండవచ్చును. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సూర్యాపేట పురపాలక సంఘమునకు శ్రీ ఎస్.ఏ. ఖాదర్ సాహెబుగారు కమీషనరుగా నుండిరి. ఆ కాలమున పట్టణపు వీధులనుండి చెత్తకుండీలు తీసివేయబడినవి. ఇంటింటను తడిచెత్తను, పొడిచెత్తను వేఱుచేసి బండికి అందించు ఏర్పాటు చేయబడినది. తడిచెత్త వానపాముల ఎరువుగా మారినది, పొడిచెత్త అమ్ముడుపోయినది. లక్షమందికి దగ్గరగా జనులు గల ఒక సామాన్య పట్టణమును చూచుటకు ఇతర రాష్ట్రముల అధికారులు సయితము వచ్చిరి. కుండీ తీసివేసినచో వీధి శుభ్రమగుట వింతగా తోచును. కాని కుండీ యున్నంతవఱకు చెత్త "ఊరిది". అది లేనపుడు చెత్త "నాది". ఆ ఒక్క మాట మాఱుటయే ఆ పట్టణము మనకు నేర్పిన పాఠము. అట్టి ఏర్పాట్లు అధికారి ఆజ్ఞవలన ఆరంభము కావచ్చును; ఇల్లాలి మనస్సునందు నాటుకొన్ననే నిలుచును.

ఇంతవఱకు ఇతరులను గూర్చి చెప్పితిమి. ఇప్పుడు మా తప్పును కూడ చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట తొలకరి వానలకు పాఠశాల ఆవరణములో విద్యార్థులచేత కానుగ, వేప, నేరేడు మొక్కలు నాటించితిమి. ఛాయాచిత్రము తీయించితిమి. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క విద్యార్థి పేరు పెట్టితిమి. సంక్రాంతి వఱకు వారు సాయంకాలము నీరు పోయుచు వచ్చిరి. పిమ్మట పరీక్షలు సమీపింపగా, ఆ అరగంటను కూడ చదువునకే వినియోగింపుడని మేమే ఆజ్ఞాపించితిమి. ఆ యేడు మా విషయమునందు ఉత్తీర్ణత ఘనముగా వచ్చెను. మమ్ము పలువురు ప్రశంసించిరి. వేసవి సెలవుల అనంతరము చూడగా మొక్కలలో మూడు మాత్రము బ్రదికియున్నవి. అవియు వంటశాల నీరు పాఱు చోట నుండుటచే బ్రదికినవి.

ఒక చిన్నవాడు తన పేరు గల ఎండిన పుల్లయొద్ద నిలువబడి, "అయ్యా, మార్కులు వచ్చినవి గదా, ఇక నీరు పోయవచ్చునా?" అని యడిగెను. ఆ మాటలో వెక్కిరింత లేదు. అందువలననే అది మమ్ము ఇంకను బాధించినది. మొక్క ముఖ్యమని మేము నోటితో చెప్పితిమి. మార్కులు ముఖ్యమని చేతలతో చెప్పితిమి. బాలురు మా చేతలనుండియే నేర్చుకొనిరి. విందునాడు మైదానములో దొరలిన గ్లాసులకు కూడ కొంత బాధ్యత మాదేయని ఆ రాత్రి వ్యాసములు చదువుచు గ్రహించితిమి.

అట్లని ధనము సంపాదింపవలదని గాని, ఉద్యోగము కోరవలదని గాని మేము చెప్పుటలేదు. ఋణములో నున్న తండ్రికి కొడుకు చేదోడు కావలెనని కోరుట పవిత్రమైన కోరిక. బీదవాని ఇంట దీపము వెలిగింపని ప్రకృతిప్రేమ మనకు వలదు. మేము అడుగున దింతయే: "నే నేమి కాగలను?" అను ప్రశ్న తరువాత "నే నది యగుటచేత నా చుట్టునున్న నీటికిని, నేలకును ఏమి యగును?" అను ప్రశ్నను కూడ వేసికొనుడు. వేసికొన్నచో వృత్తి మాఱనక్కఱలేదు. వృత్తి చేయు తీరు మాఱును.

వైద్యుడు కాగోరువాడా, రోగి త్రాగు నీరు ఏ బావిదో యడుగుట నేర్చుకొనుము. నల్లగొండ సీమలో పెక్కురి నొప్పులకు మూలము అచ్చటనే యుండెను. కలెక్టరు కాగోరు తల్లీ, చెఱువుల శిఖమును ఆక్రమించినవారు నీ బల్లముందు కూర్చుండు దినము వచ్చును. ఆనాడు నీ కోరిక పదవియేయైనచో భయపడెదవు, చెఱువు నిలుచుటయైనచో భయపడవు. మిల్లు పెట్టగోరు నాయనా, ఊక బూడిద ఎవరి ఇంటి కప్పుపై పడునో, ఉప్పుడు బియ్యమునకు ధాన్యము నానబెట్టిన నీరు ఏ కాలువలోనికి పోవునో ముందుగనే యోచించి, మిల్లు పటముతోపాటు దానికి కూడ పటము గీయుము.

హైదరాబాదునకు పోవువారికి ఒక మాట. ఊరు విడిచితిమి గనుక ఊరి నేలతో మనకు పనిలేదని తలపకుడు. ఆ నగరపు మురుగును మోసికొని మూసీనది సూర్యాపేట సమీపమున సోలిపేటవద్దనున్న జలాశయమునకు వచ్చును. అచ్చటి కాలువల ద్వారమున మన చేలలోనికి ప్రవేశించును. మిగిలినది వాడపల్లివద్ద కృష్ణలో కలియును. నగరమున మీరు ఒలుకబోసినది మీ తండ్రిగారి మడిలోనికే చేరును. నదులు బంధుత్వమును మఱువవు.

వచ్చు తొలకరికి మరల మొక్కలు నాట నిశ్చయించితిమి. ఈ మాఱు సంఖ్య తక్కువ, తరగతికి రెండే. నీరు పోయు అరగంటను కాలపట్టికలో చేర్చితిమి. పరీక్షల మాసములో కూడ దానిని తీసివేయరాదని మా ఉపాధ్యాయుల మందఱము ఒప్పుకొంటిమి. పేరు పెట్టుట మానితిమి. మొక్క ఎవరిదని అడిగినచో తరగతి యంతయు "మాది" అనవలెను.

"నా జీవిత లక్ష్యము" అను వ్యాసమును కూడ మరల వ్రాయించెదము. ఒక నియమము మాత్రము పెట్టితిమి: మీరు ఏమి కాగోరినను వ్రాయుడు, కాని ఆ కాగితములో ఒకచోటనైనను మీ ఊరి చెఱువు పేరు రావలెను. ఆ పేరు వ్రాయుటకై కొందఱు ఇంటికి పోయి తాతలను అడుగవలసి వచ్చును. అడుగుడు. ఆ చెఱువులో ఇప్పుడు నీరెంత యున్నదో, గట్టు ఎట్లున్నదో కూడ చూచి రండు. మీ వ్యాసమును దిద్దుటకు మే మచ్చటనుండియే ఆరంభించెదము.